దవడపంటి ప్రాణము

పంచాయతీ సభ్యులారా!

మీ సమావేశములలో మంచినీరు, మురుగుకాల్వలు, వీధిదీపములు చర్చకు వచ్చుచుండును. పంటినొప్పి రాదు; ఎవరి నోరు వారిదని ఊరకుందుము. కాని వరికోతల దినములలో కష్టజీవి యొకడు దవడ వాచి పడకనెక్కినచో ఆ నష్టమును ఇల్లంతయు భరింపవలసి వచ్చును. ఒక్క దవడపన్ను పోయినను నమలు శక్తి తగ్గును; కాలక్రమమున ప్రక్కపండ్లు ఒరగవచ్చును, ఎదుటిపన్ను ఖాళీలోనికి జరుగవచ్చును. కావున లోతుగా పుచ్చిన దవడపంటిని ప్రాణముతో నిలుపుకొను మార్గమును గూర్చి నేడు మీకు విన్నవింతును.

పన్ను రాయి కాదు. పైన తెల్లని గట్టి కవచము ఎనామిల్. దాని క్రింద డెంటిన్. నడుమ రక్తనాళములు, నరములు గల మెత్తని మజ్జ. ఈ మజ్జయే పంటికి ప్రాణము. పురుగు పట్టినదని చెప్పి వాకుడు గింజల పొగ పట్టించుట పాత అలవాటు. నిజమునకు పంటిలో పురుగు లేదు. కంటికి కానరాని సూక్ష్మజీవులు మనము తిను తీపిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము ఎనామిల్‌ను కరగించి లోనికి దారి చేయును. పుచ్చు సమీపించుచుండగా మజ్జ ఊరకుండదు. లోపలివైపున క్రొత్త డెంటిన్‌ను కట్టుకొని తన్ను తాను కాచుకొనుచుండును.

గట్టు సంగతి డెల్టా రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడలోని పేటలు మునుగుట మనమెరుగుదుము. గండి పూడ్చనిదే నీరు తోడి ప్రయోజనము లేదు. పంటిలోను అంతే. 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను పరిశోధకులు ఎలుకల పండ్లకు మజ్జవరకు రంధ్రములు చేసి చూచిరి. సామాన్యమైన ఎలుకలలో మజ్జ చెడిపోయినది. సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకలలో గాయముపై డెంటిన్ వంతెనవలె కట్టుకొన్నది. మజ్జను చంపునది రంధ్రము కాదు, సూక్ష్మజీవులేనని తేలినది.

పూర్వము గట్టి డెంటిన్ తగులువరకు పుచ్చునంతయు గోకివేయుట ఆచారము. అందువలన పెక్కుమార్లు మజ్జ బయటపడెడిది. పిమ్మట రూట్ కెనాల్ చికిత్సయో, పన్ను పీకుటయో గతి. ఇప్పుడు మరియొక దారి కలదు. మజ్జ ఇంకను ఆరోగ్యముగ ఉన్నచో, అంచులను శుభ్రముగ తొలచి, మజ్జకు మీదుగ నున్న పలుచని పొరను కదల్పక విడిచి, పైన గట్టిగ మూసివేయుదురు. ఐరోపా ఎండోడాంటాలజీ సంఘము 2019లో ఇట్టి పద్ధతులనే సిఫారసు చేసినది. పుచ్చు పూర్తిగ తీయవలెనను వైద్యులును కలరు. మజ్జను కాపాడవలెననుటలో మాత్రము భేదము లేదు.

మజ్జ బయటపడినను ఆశ వదలనక్కరలేదు. రక్తము కొద్ది నిమిషములలో ఆగినచో దానిపై మందు సిమెంటు పరతురు. ఎం.టి.ఏ. అను ఆ పదార్థము మనము ఇండ్లు కట్టు పోర్ట్‌లాండ్ సిమెంటు జాతిదే. 1990 దశకమున అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయమున మహమూద్ తొరాబినెజాద్ దీనిని వాడుకలోనికి తెచ్చెను. తడిలోనే గట్టిపడుట దీని గుణము. మజ్జ పైభాగము చెడినచో ఆ భాగమును మాత్రము తీసివేసి, వేళ్ళలోని మజ్జను బ్రతికించుటయు కలదు. పల్పాటమీ అను ఈ చికిత్స చిరకాలము ముఖ్యముగ పిల్లల పండ్లకే జరిగెడిది. నేడు పెద్దల దవడపండ్లకును చేయుచున్నారు.

అయితే ఇది అన్ని పండ్లకు చెల్లదు. మజ్జ చచ్చి చీము పట్టినచో రూట్ కెనాల్ గాని, పీకుట గాని తప్పదు. కావుననే కాలము ముఖ్యము. చల్లనినీటికి జివ్వుమని వెంటనే తగ్గు నొప్పి ఉన్నపుడే వైద్యుని చూడవలెను. నిద్ర పట్టనీయని నొప్పి వచ్చినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. లవంగనూనెతోనో, బిళ్ళతోనో నొప్పి అణగినదని సంతోషింపరాదు. రాత్రులు వేధించిన పన్ను తనంతట తాను మూగవోయినచో అది నయమగుట కాకపోవచ్చును. మజ్జ మరణించి యుండవచ్చును.

విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి కలవు. గన్నవరము దాపున చినఅవుటపల్లిలో సిద్ధార్థ దంతవైద్య కళాశాల కలదు. గ్రామములో దంతపరీక్షా శిబిరము జరుపుటకు ఇట్టి సంస్థలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును మీరు కోరవచ్చును. పన్ను పీకించుకొన వచ్చినవారు “దీనిని బ్రతికించుటకు వీలున్నదా?” అని ముందుగ అడుగవలెనని ప్రచారము చేయుడు. ఆశా కార్యకర్తలకును ఈ మాట తెలుపుడు.

పాఠశాలలో మరియొక సంగతి చెప్పింపుడు. ఆరవ ఏట పాలపండ్ల వెనుక వచ్చు దవడపన్ను పాలపన్ను కాదు. ఊడిపోవునదే గదా అని తల్లిదండ్రులు ఉపేక్షించునది తరచుగ దీనినే. ఇది పోయిన మరల మొలవదు. ఫ్లోరైడు గల పేస్టుతో దినమునకు రెండుమార్లు తోముట, మాటిమాటికి తీపి తినకుండుట పిల్లలకు అలవాటు చేయవలెను.

రాబోవు గ్రామసభలో ఈ విషయమునకు పది నిమిషములు కేటాయింపుడని మిమ్ము కోరుచున్నాను.