బాలవిద్యలో గుడ్లగూబ



హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరము చేరు బాటసారికి తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును చెవిని బడును. ఇట్టి సీమలో పసివారికి పొరుగుభాష నేర్పుటకు పెద్ద గ్రంథములు వెదకనక్కర లేదు. పిల్లలకు తెలిసిన యొక్క పక్షి చాలును. అది గుడ్లగూబ.

ఉపాధ్యాయుడు మొదట బొమ్మ చూపి పేరడుగవలెను. తెలుగుబిడ్డ గూబ యనును. కన్నడపుబిడ్డ గూబె యనును. ఉర్దూ మాటాడు బిడ్డ ఉల్లూ యనును. సంస్కృతమున ఉలూకము, ఘూకము. దూరముననున్న స్పెయిను దేశపు పిల్లలు తలపై కొమ్ములవలె ఈకలు గలదానిని బూఓ యనియు, తెల్లని ముఖము గలదానిని లెచూసా యనియు పిలుతురు. ఈ పేళ్లను బిగ్గరగా పలికించినచో పెక్కింట ఆ పక్షి కూతయే వినవచ్చును. భాషలు వేరైనను విన్న చెవి యొక్కటే యని బిడ్డ తనంతట గ్రహించును.

తరువాత ఆట. కనుగ్రుడ్లు కదల్పక ప్రక్కనున్న వానిని చూడుమనవలెను. తల త్రిప్పక తప్పదు. గూబయు అంతే, దాని కనుగ్రుడ్లు గూటిలో తిరుగవు. అందుకే మన మెడలో 7 ఎముకలుండగా దాని మెడలో 14 కలవు; తలను 270 డిగ్రీలవరకు త్రిప్పగలదు. దీనిని దివాంధమనుట పూర్వుల వాడుక. పగటిపూట సైతము అది చూడగలదని నేటి శాస్త్రము తేల్చినది. పేరును నేర్పవలెను, నిజమును చెప్పవలెను.

ఇక అసలు సంగతి. ఇంటిపై గూబ కూసిన కీడని రాళ్లు రువ్వువారు నేటికిని కలరు. వేరుసెనగ చేలను పాడుచేయు ఎలుకలను రాత్రివేళ పట్టి తినునది ఆ గూబయే. అది అరుగని వెండ్రుకలను, ఎముకలను ఉండలుగా కక్కివేయును. చెట్టుక్రింద దొరకిన యుండను ఎండబెట్టి, ఉపాధ్యాయుడు పుల్లతో విప్పి చూపినచో పిల్లలే ఎలుక పుఱ్ఱెలు లెక్కింతురు. ఆ లెక్క ముందు శకునము నిలువదు.

పంచతంత్రమున గూబకు పట్టము గట్టబోవు పక్షులను కాకి వారించినది. అది చూపిన దోషము వికారముఖము. ఆ మాటనుండియే కాకులకు గూబలకు తరతరాల పగ పుట్టినదని కథ. మొగము చూచి తీర్పు చెప్పుట యెంతటి చేటో పిల్లల కింతకంటె తేటగా చెప్పు కథ అరుదు.

గూబలను చంపుట, పట్టుట, అమ్ముట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. లక్ష్మీవాహనమని కొందరు కొలుచు పక్షినే దీపావళి వేళ ధనాశచే బలి యిచ్చువారుండుట శోచనీయము. చట్టము పెద్దలను శిక్షింపగలదు. భయము పోగొట్టవలసినది బడియు, ఇల్లును.

కావున తల్లిదండ్రులారా! సందెవేళ చెట్టుమీద గూబ కూసినపుడు బిడ్డను లోపలికి లాగకుడు. దాని పేరు మూడు భాషలలో చెప్పుమని యడుగుడు.