ఉండే ఊరు వేరు, మనదనే ఊరు వేరు
(బచ్చన్నపేటలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాల గురించి మనం ఎన్నో సభల్ల మాట్లాడుకున్నం. ఈరోజు రెండు ఇంగ్లిషు మాటల గురించి మాట్లాడుకుందాం. ఒకటి రెసిడెన్స్. రెండోది డొమిసైల్. మాటలదేమున్నది అని తీసిపారేయొద్దు. ఈ రెండు మాటల నడుమ సందులో నుంచే మన కొలువులు జారిపోయినయి.

జనగామ బస్సులో పక్కన కూసున్న పెద్దమనిషి మనల్ని రెండు ప్రశ్నలు అడుగుతడు. 'ఏడుంటున్నవు బిడ్డా?' అంటే ఉప్పల్ల అంటం. 'మరి ఊరేది?' అంటే బచ్చన్నపేట అంటం. ఆ పెద్దమనిషికి చట్టం తెల్వదు గని తేడా తెలుసు. మొదటి జవాబు రెసిడెన్స్. కిరాయి ఇల్లు మారితే అది మారుతది. రెండో జవాబు డొమిసైల్‌కు దగ్గరగ ఉంటది.

దగ్గర అని ఎందుకంటున్నమంటే, డొమిసైల్ అంటే పుట్టిన ఊరు ఒక్కటే కాదు. ఎక్కడి నుంచో వచ్చినవాడైనా సరే, ఇక్కడ ఉండాలె, ఇక ఇదే నా ఇల్లు, తిరిగి పోను అని మనసులో తీర్మానం చేసుకోవాలె. ఉండుడు ఒక్కటే అయితే రెసిడెన్స్. ఉండుడుకు ఈ తీర్మానం తోడైతే డొమిసైల్.

నిజాం కాలంలో, 1919లో వచ్చిన ముల్కీ నిబంధనలు ఈ తేడాను బాగ ఎరిగినయి. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే హైదరాబాద్ రాజ్యంలో 15 ఏండ్లు స్థిరంగ ఉండాలె. అంతటితో సరిపోదు. పాత చోటికి పోవాలన్న ఆలోచన వదులుకున్నానని ప్రమాణపత్రం ఇయ్యాలె. అంటే వచ్చినోళ్లందరినీ వెళ్లగొట్టే నిబంధన కాదది. ఇక్కడివాడివి అయితవా, కావా అని అడిగే నిబంధన. 1952ల దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో కొలువులు కొట్టేస్తున్నరని వరంగల్ విద్యార్థులు రోడ్డెక్కిన్రు. ఆ మంట హైదరాబాద్ దాకా పోయింది. సెప్టెంబర్‌ల సిటీ కాలేజీ కాడ తుపాకులు పేలినయి.

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. అందులో కొలువుల కోసం డొమిసైల్ నిబంధనలు ఉండాలని రాసుకున్నరు. ఉదాహరణకు 12 ఏండ్ల రెసిడెన్స్ అన్నరు. చూసిన్రా! ఒక్క వాక్యంలోనే రెండు మాటలు. డొమిసైల్ అని మొదలుపెట్టి రెసిడెన్స్‌కు దించిన్రు. తిరిగి పోనన్న తీర్మానం అక్కడనే జారిపోయింది.

1957ల పార్లమెంటు చేసిన చట్టం పేర్లనే రెసిడెన్స్ ఉన్నది. దాని కింద తెలంగాణ కొలువులకు 15 ఏండ్ల నివాసం పెట్టిన్రు. ఉద్యమం రగులుతున్నప్పుడే, 1969 మార్చి 28న, సుప్రీంకోర్టు దాన్ని మన విషయంలో కొట్టేసింది. రాజ్యాంగం 16వ అధికరణం చెప్పే నివాసం అంటే మొత్తం రాష్ట్రంలో నివాసం, అందులో ఒక భాగంలో నివాసం కాదన్నది. 1972 అక్టోబర్ 3న అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయన్నది. వెంటనే అవతల జై ఆంధ్ర మొదలయింది. 1973 సెప్టెంబర్‌ల ఆరు సూత్రాలు వచ్చినయి. ముల్కీ పోయింది.

దాని జాగల 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వు మూడో మాట తెచ్చింది: లోకల్. ఇది డొమిసైల్ కాదు, నేటివ్ కూడ కాదు. పరీక్షకు ముందు వరుసగ నాలుగేండ్లు ఎక్కడ చదివినవు అన్నదే ముఖ్యం. బడికి పోనోళ్లకే నివాసం లెక్క. ఆ ఉత్తర్వునన్న సక్కగ అమలు జేసిన్రా? చేస్తే 1985ల 610 జీవో అవసరమే పడకపోవు.

ఇప్పుడు మన రాష్ట్రం మనకొచ్చింది. 2018 ఉత్తర్వుతో 95 శాతం కొలువులు లోకల్ వాళ్లకే. సంతోషమే. గని 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కువ ఏండ్లు ఎక్కడ చదివితే అక్కడనే లోకల్. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మన పక్కనున్న చేర్యాల సిద్దిపేటకు పోయింది, మనం జనగామల ఉన్నం. మనది యాదాద్రి జోన్, వాళ్లది రాజన్న జోన్. బచ్చన్నపేటల తిని, పండి, చేర్యాల బడికి పోయి చదివిన బిడ్డ రేపు జనగామల నాన్‌లోకల్!

డాక్టర్ చదువు కోరే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకో మాట వినాలె. ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్ దాకా వరుసగ నాలుగేండ్లు తెలంగాణలనే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంటర్‌కు విజయవాడ పోయేముందు ఈ లెక్క చూసుకోవాలె. అదే ఏడాది జనవరి 29న, పీజీ మెడికల్ సీట్ల కేసులో, భారతదేశంలో అందరికీ డొమిసైల్ ఒక్కటే, రాష్ట్రానికో డొమిసైల్ లేదని కోర్టు స్పష్టం చేసింది. 1984ల ప్రదీప్ జైన్ కేసులో కూడ ఇదే మాట అన్నది. అందుకే కోర్టుల 'మాది ఈ డొమిసైల్' అని వాదిస్తే నిలువదు. నిలిచేది చదివిన ఏండ్ల లెక్క. బోనఫైడ్‌లు భద్రంగ పెట్టుకోండ్రి. రెసిడెన్స్ సర్టిఫికెట్ వాటి జాగల పనికిరాదు.

చివరి మాట. కరువుకు మనోళ్లు ఎంతమంది వలసపోయిన్రో ఈ నేలకు తెలుసు. భివండిల మగ్గం మీద కూసున్న తండ్రి మనసు ఇక్కడనే ఉన్నది. పండుగకొస్తడు, చావుకొస్తడు, ఓటుకొస్తడు. ఆయన బిడ్డ ఏడో తరగతి దాకా అక్కడ చదివితే ఇక్కడ లోకల్ కాదు. మెడికల్ సీట్లల్ల బయట కొలువు జేసే ప్రభుత్వ ఉద్యోగుల, సైనికుల పిల్లలకు మినహాయింపులు ఉన్నయి. వలస కూలీ బిడ్డకు ఎందుకు లేదు? ఉద్యోగి బదిలీ మీద పోతడు, కూలీ ఆకలి మీద పోతడు. ఇద్దరూ తిరిగొచ్చే మనసుతోనే పోయిన్రు.

ఏడుంటున్నవు అని అడిగిన సర్కారు, ఊరేది అని కూడ అడగాలె. ఆ రెండో ప్రశ్న అడిగించే పని మనదే.

జై తెలంగాణ!