గొంతు విని గుర్తుపట్టిరి
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



పరీక్షా ఫలితములను కార్యదర్శిగారు ఇదివరకే చదివి వినిపించిరి. కావున మేము వేరొక సంగతి విన్నవించెదము.

2020లో కరోనా వ్యాధిచే పాఠశాలలు మూతపడినప్పుడు పిల్లల చేతులకు ఫోనులు వచ్చినవి. రెండవ తరగతితో మన బడి విడిచి వేరు బడులకు పోయిన బాలికలు నలుగురు, ఆ ఫోనులలోనే బెంగుళూరు, విశాఖపట్టణము, బరంపురముల పిల్లలతో కలిసి సాయంకాలములందు త్యాగరాజ కృతులు పాడుకొనసాగిరి. ముఖమెరుగని వారితో స్నేహమేమని వారి తల్లిదండ్రులతో అన్నవారము మేమే. మా చిన్ననాట కలము స్నేహితులకు జాబులు వ్రాసి, టపా బంట్రోతు కొరకు వీధిలో నిలిచిన సంగతి అప్పుడు మాకు జ్ఞప్తికి రాలేదు.

2024 జనవరిలో ఆ స్నేహితులందరును తిరువైయారు ఆరాధనలో కలిసికొన నిశ్చయించుకొనిరి. ఆడపిల్లలను ఒంటరిగా పంపుటకు ఇండ్లలో సంకోచించిరి. అందుచే మా ఉపాధ్యాయిని ఒకరును మేమును తోడు పోయితిమి.

పుష్య బహుళ పంచమి ఉదయము. కావేరి యొడ్డున పందిరి నిండిపోయినది. ఆ జనసమ్మర్దములో ఫోనులు పలుకలేదు. పిల్లలు బిక్కమొగములతో నిలువగా, స్తంభము వెనుక ఎవరో ఆరభి రాగము కూనిరాగము తీయుచుండిరి. మన పిల్ల ఒకతె చటుక్కున తిరిగి, “బరంపురం అక్కా!” అని కేక వేసినది. పేరు గాదు, ఊరే పిలుపు. అటుపిమ్మట ఆ ఇరువురును మాటలు లేక చేతులు పట్టుకొని నవ్వుచునే యుండిరి.

ఒకనాడు ఆ సన్నిధిలో స్త్రీలు పాడుటకు వీలులేకుండెను. సమాధికి మందిరము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు స్త్రీలకు వేరుగా ఆరాధన నడిపిరి. 1940 ప్రాంతమున గాని అందరును ఒక్కటి కాలేదు. నేడు మన పిల్లలు అచ్చట కూర్చుండుట ఆమె పెట్టిన భిక్ష.

ఇక అసలు విషయము. ఘనరాగ పంచరత్నములలో నాట రాగ కృతి సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. బరంపురము పిల్ల తెలుగు పుస్తకము తెరిచినది. బడిలో ఒడియా చదివినను, అక్షరములు అమ్మమ్మ నేర్పినదట. మన పిల్లల చేతిలో తమిళ లిపిలో వ్రాసుకొన్న కాగితములు. తమిళము గొప్ప భాషయే, మనకు అన్నము పెట్టిన భాష. కాని ఆ లిపిలో దాతయు తాతయు ఒక్క తీరుననే వ్రాయబడును. బలమునకును ఫలమునకును భేదము కనబడదు. అచ్చు పుస్తకములలో భేదము తెలుపుటకు చిన్న అంకెలు వేయుదురు. పిల్లలు ఎత్తి వ్రాసికొనుటలో అవి జారిపోయినవి. ఆమె ప్రేమతో తన పుస్తకమును ఇద్దరి నడుమ నుంచి, పంక్తి వెంట వ్రేలు నడిపినది. మన పిల్ల ఆ వ్రేలినే చూచుచు తల వంచుకొన్నది. తెలుగింటి బిడ్డ, తెలుగు కృతి, చదువరాదు! ఆ పిల్లకంటె మాకే ఎక్కువ సిగ్గు కలిగినది. గురువుగారి కృతులను వ్రాసి కాపాడిన వాలాజాపేట వేంకటరమణ భాగవతారుగారి ఇంటిభాష సౌరాష్ట్రము గదా!

తిరుగు రైలులో ఆమె, “సార్, మళ్లీ మొదటినుంచి నేర్పుతారా?” అని అడిగినది.

ఇప్పుడు ఆ నలుగురును శనివారములందు మొదటి తరగతి గదిలో చిన్న బల్లలపై మోకాళ్లు ముడుచుకొని గుణింతము దిద్దుచున్నారు. ఒక తల్లిగారు, తోడు వచ్చిన నెపమున, తామును పలక పట్టిరి. ఒత్తులు ఇంకను కుదురలేదు. “బరంపురం అక్క”కు మాత్రము ఒక కార్డు తెలుగున వ్రాసి పంపిరి. తప్పులు దిద్దవద్దని మమ్ము ముందుగనే హెచ్చరించిరి. శనివారము అయిదు గంటలకు ఆ గది తెరిచియే యుండును. ఇంకను నాలుగు బల్లలు ఖాళీగా నున్నవి.