పూరీ తీరమున ఒక పూట భోజనము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రయాణానుభవములను గూర్చి మాటలాడుమని కోరిరి. ఎల్.టి.సి.పై పోయివచ్చిన ప్రతివాడును దేవాలయములను గూర్చియు, సూర్యోదయములను గూర్చియు చెప్పుచునే యున్నాడు. నేను వానిని విడిచి, పూరీలో ఒక పెద్ద హోటలునందు మేము చేసిన ఒక పూట భోజనమును గూర్చి చెప్పదలచితిని. 1956లో ఏర్పడిన ఈ ప్రయాణ సౌకర్యము మనకు రానుపోను ఛార్జీలను మాత్రమే ఇచ్చును. రైలు టిక్కెట్టు సర్కారువారిది, పులుసు ఖర్చు మనది. కావున ఆ ఖర్చును గూర్చి మాటలాడు హక్కు నాకు సంపూర్ణముగా కలదు.

కుర్దారోడ్డు నుండి పూరీకి 1897లో రైలు వచ్చినది. అంతకుముందు యాత్రికులు కాలినడకను, బండ్లపైనను జగన్నాథమునకు పోవుచుండిరి. రైలు వచ్చిన పిదప యాత్రికుల వెనుకనే విహారులును వచ్చిరి. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1925లో అచ్చట సముద్రమున కెదురుగా తమ హోటలును తెరచిరి. ఖరగ్‌పూరులో కొలువు చేసిన మన తెలుగువారికి బి.ఎన్.ఆర్. అను మూడక్షరములు ఇంటిపేరు వంటివి. సూపుతో మొదలిడి, కట్లెట్టు, రోస్టు దాటి, కారమెల్ కస్టర్డుతో ముగియు దొరల భోజన క్రమమును రైల్వే వంటవారు ఈ తీరమున నిలిపిరి. నేడు పూరీ తీరమున హోటళ్లు వరుసకట్టి యున్నవి. మేము పోయినది ఏ హోటలో చెప్పను. చెప్పవలసిన తప్పు అచ్చట కొంత, నాయందు మరికొంత కలదు గనుక.

అది 2023వ సంవత్సరము, మే నెల. నేను, నా భార్య, పిల్లలిద్దరు, మా అమ్మ. అమ్మ భీమునిపట్నము దాపున పుట్టినది. చిన్ననాట ఒడ్డునకు వచ్చిన పడవ వద్దకు పోయి, బుట్టలోని చేపను మొప్ప యెత్తి చూచి బేరమాడినది. మొదటి రెండు దినములు మేము స్వర్గద్వారము వద్దనున్న చిన్న భోజనశాలలలో అన్నము, పప్పు తినుచు సుఖముగానే యుంటిమి. మూడవనాడు పిల్లలు, "నాన్నా, ఒక్క పూటైనా సముద్రం కనిపించే హోటల్లో తిందాం" అనిరి. నాకును ఆ కోరిక లేకపోలేదు. ఇరువదియెనిమిదేండ్లు ఫైళ్లలో ఇతరుల భోజన బిల్లులను పరిశీలించినవాడను గదా.

లోపలికి పోగానే చలి. తెల్లని గుడ్డలు పరచిన బల్లలు. ఒక్కొక్క పళ్లెమునకు ఇరుప్రక్కల మూడేసి కత్తులు, మూడేసి ముళ్ల చెంచాలు. వీనికొక లెక్క కలదు. వెలుపలి వానినుండి మొదలుపెట్టి లోపలికి రావలెను. అంతకు మించిన రహస్యమేమియు లేదు. పట్టికలో రెండు విధములుండును. ఒక్కొక్క వంటకమునకు వేరువేరుగా వెల కట్టుట ఒక పద్ధతి. ఒకే వెలకు వరుసగా అన్నియు వడ్డించుట రెండవది. కుటుంబముతో పోవు మధ్యతరగతివానికి రెండవదియే క్షేమము, లెక్క ముందుగా తెలియును. ఈ సంగతి తెలిసియుండియు నేను మొదటిదానినే చేపట్టితిని. ఏల యందురా? వడ్డనవాడు వెనుక నిలిచి చూచుచుండెను.

పట్టిక ఇంగ్లీషులో నుండెను. అమ్మ, "ఇందులో ఏముందో చదువు నాన్నా" అనెను. నేను వంటకముల పేర్లు చదివితిని గాని వెలలు చదువలేదు. "ఎంతట?" అని ఆమె ప్రతిదానికి అడుగుచుండెను. నేను గొంతు తగ్గించి, "తరువాత చెప్తానమ్మా" అనుచుంటిని. చివరకు ఆమెకై చందువ చేప తెప్పించితిని. తెల్లని మీగడ పులుసులో ముంచినది, నేటి ఉదయమే సముద్రమునుండి తెచ్చినది అని పట్టికలో వ్రాసియుండెను.

చేప వచ్చినది. ముల్లు లేదు, తల లేదు, తోలు లేదు. అమ్మ చెంచా ప్రక్కన పెట్టి, వ్రేళ్లతో ఒక తునక విరిచి నోట వేసికొనెను. ప్రక్క బల్లవారు చూచుచున్నారేమో యని నేను చూచితిని. ఎవరును చూచుటలేదు. ఆమె రెండుమారులు నమిలి, "ఒరే, ఇది చందువ కాదు. అసలు సముద్రం చేపే కాదు. చెరువు చేప, బురద వాసన వస్తోంది" అనెను.

ఇచ్చట కొంచెమాగి ఒక మాట చెప్పవలెను. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అరువదియొక్క దినములు, యంత్రపు పడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము ఆ నియమము చేసినది. యంత్రము లేని చిన్న పడవలకు ఆ నిషేధము లేదు గనుక ఒడ్డున కొంత తాజా చేప దొరకకపోదు గాని, అది కొద్ది. మే నెలలో పెద్ద హోటళ్లన్నిటికిని చాలునంత చందువ ఆ ఉదయమే వచ్చుట యెట్లు? ఆ లోటును తీర్చునది పంగసియస్ అను చేప. హోటళ్లవారు దానిని బాసా యందురు. వియత్నామునుండి మంచుగడ్డగా వచ్చును. మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువులలోను విస్తారముగా పెంచుదురు. ముల్లు తీయుట సులువు, వెల తక్కువ, తనకంటూ గట్టి రుచి లేదు గనుక ఏ పులుసు పోసిన ఆ పులుసు రుచియే దానిది. చెరువు చేపను చెరువు చేపయని యమ్మిన తప్పేమియు లేదు. కొల్లేటి ప్రాంతపు చేపను తిని వంగదేశము సంతోషించుచునే యున్నది. దానికి చందువ యను పేరు పెట్టి, చందువ వెల తీసికొనుటయే తప్పు. ఇదంతయు నాకు తరువాత తెలిసినది. మా అమ్మకు ఆ తునకతోనే తెలిసినది.

ఇంతలో వడ్డనవారి పెద్ద, నల్లకోటు తొడిగినవాడు, మా బల్లయొద్దకు వచ్చి వంగి, భోజనమెట్లున్నదని ఇంగ్లీషులో అడిగెను. అమ్మ నా వంక చూచి, "ఇదేం చేపో అడుగు. చందువ కాదని నేనన్నానని చెప్పు" అనెను.

నేను అతనితో ఇంగ్లీషులో, "మా అమ్మ చేప చాలా బాగున్నదని చెప్పుచున్నది, వెరీ గుడ్" అంటిని.

అతడు సంతోషించి, ఆమెకు నమస్కరించి పోయెను. "ఏమన్నాడు?" అని అమ్మ అడిగెను. "కనుక్కుంటానన్నాడు" అంటిని.

మా బల్లకు మంచినీరు పోయుచుండిన కుర్రవాడు ఆ సమయమున అచ్చటనే యుండెను. ఇరువది యేండ్లుండును. నా భార్య లేచి పిల్లలను చేతులు కడిగించుటకు తీసికొనిపోగా, నేను బిల్లుకై ఎదురు చూచుచుంటిని. ఆ కుర్రవాడు పళ్లెమును తీయుటకు వంగి, మెల్లగా తెలుగులో, "అమ్మమ్మా, మీరన్నదే నిజం. ఇది మా గంగలో చేప కాదు" అనెను.

నాకు ముఖమున నెత్తురు లేకపోయెను. అతనికి తెలుగు వచ్చును. ఇంగ్లీషును కొంత వచ్చియుండును. నా అనువాదమును అతడు మొదటినుండి తుదివరకు వినియున్నాడు.

పూరీలో తెలుగు మాట వినబడుట వింత కాదు. తీరమున పెంఠకట అను జాలరి పేట కలదు. అచ్చటి నోలియాలు మన శ్రీకాకుళ, విశాఖ, గంజాము తీరములనుండి తరతరములుగా పోయి నిలిచినవారు. ఇంట తెలుగు, వీథిలో ఒడియా. కోసు టోపీలు పెట్టుకొని, స్నానమునకు దిగినవారి చేయి పట్టి అలలలో నిలుపువారు వారే. ఆ ముందటి ఉదయము నా చేతిని పట్టి నిలిపిన నోలియా ముదుసలియు తెలుగే మాటలాడెను. ఆ కుర్రవాని తండ్రి వేటకు పోవునట. వేట లేని రెండు నెలలును ఇల్లు ఇతని జీతముపై గడచుననెను. అమ్మ వానిని ఏ ఊరివారని, ఎందరు పిల్లలని, సంబంధము చూచుచున్నారా యని, వరుసగా అడుగుచునే యుండెను. నల్లకోటు ఇటు చూచుసరికి అతడు పళ్లెములతో పోయెను.

బిల్లు వచ్చినది. దానిలో 18 శాతము జి.ఎస్.టి. (మామూలు భోజనశాలలలో ఐదే), ఆపై సేవా రుసుము. ఈ రుసుమును బిల్లులో తామంతట చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకములను జారీ చేసినది. మేము పోయిన నాటికి ఆ వివాదము న్యాయస్థానములో నుండెను. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకములను సమర్థించినది. కావున మీరు పోయినప్పుడు దానిని తీసివేయుమని నిస్సంకోచముగా చెప్పవచ్చును. నేనానాడు అడుగనైన లేదు. అడుగవలసిన పెద్ద మాటనే మ్రింగినవాడు చిన్న మాటనేమి యడుగును? అమ్మ తన కొంగుముడి విప్పి, రెండువందల నోటును ఆ కుర్రవాని చేతిలో పెట్టి, "మీ అమ్మకియ్యి" అనెను.

మరునాడు గుడిలో ఆనందబజారునకు పోయితిమి. మట్టికుండలపై మట్టికుండలు పేర్చి కట్టెపొయ్యిలపై వండిన అన్నము, పప్పు, కూరలు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. కొన్నవారు, అమ్మినవారు, ఎవరో ఎరుగనివారు ఒక్కచోటనే కూర్చుండి తినుచుండిరి. మనము 'సర్వం జగన్నాథం' అను మాటను ఊరక వాడుచుందుము. అది పుట్టినది ఆ పంక్తియందే. అమ్మ కుండలో చేయిపెట్టి కలిపి పిల్లలకు ముద్దలు పెట్టెను. నాకును ఒక ముద్ద పెట్టెను. వెల ఎంతయని ఆమె అచ్చటను అడిగెను. ఈ మారు నేను చెప్పితిని.

తిరుగు రైలులో పిల్లలు నిద్రించిరి. కుర్దారోడ్డు దాటినది. నేను చాలసేపు కిటికీలోనుండి చూచి, తుదకు, "అమ్మా, ఆ రోజు హోటల్లో ఆయనతో..." అని మొదలుపెట్టితిని.

ఆమె దుప్పటి మీదికి లాగుకొని, "వెరీ గుడ్డంటే ఏమిటో నాకు తెలుసులేరా. పడుకో" అనెను.