ఒక్క అక్షరం తేడా - ఒక దూడ ప్రాణం
(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణ శిబిరంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము తనిఖీకి వస్తే లెక్కల పుస్తకాలే అడుగుతామని మీకు తెలుసు. ఈ రోజు పశువు ఒంట్లో ఉన్న పుస్తకం గురించి చెప్పమన్నారు. మేము పశువైద్యులం కాము. తెలిసినంత వరకు మన మాటల్లో చెబుతాము.

ఆవు శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే రాత ఉంటుంది. అక్షరాలు నాలుగే: ఏ, టి, జి, సి. మొత్తం రాత సుమారు 270 కోట్ల అక్షరాలు. ఇది రెండు పేటల తాడు వంటిది. ఒక పేటలో ఏ ఉంటే ఎదుట టి, జి ఉంటే ఎదుట సి. కణం రెండు కాబోయే ముందు పేటలు విడిపోతాయి. ఒక్కొక్క పేటను చూసి దానికి జోడు పేట తయారవుతుంది. నకలు రాసే ఎంజైమే వెనక్కి చూసుకొని తప్పును దిద్దుకుంటుంది. మన ఆడిటు ఏడాదికి ఒకసారి, అక్కడ అక్షరం అక్షరానికీ ఆడిటే! అయినా ఎప్పుడో ఒక తప్పు మిగిలిపోతుంది.

ప్రోటీను తయారు కావాలంటే అసలు పుస్తకం బయటికి రాదు. కావలసిన మేరకు ఆర్.ఎన్.ఏ. అనే నకలు చీటీ వెళుతుంది. రైబోజోము దానిని మూడేసి అక్షరాలుగా చదివి, ప్రతి మూడింటికి ఒక అమైనో ఆమ్లం చొప్పున దండ గుచ్చుతుంది. పాలలోని కేసీను పొదుగు కణాల్లో ఇలా తయారైనదే.

ఇక అసలు సంగతి. హోల్‌స్టీన్ జాతిలో ఒక ప్రోటీనుకు సంబంధించిన రాతలో 383వ అక్షరం ఏ బదులు జి అయింది. దండలో 128వ పూస మారిపోయింది. ఆ ప్రోటీను చెడితే తెల్ల రక్తకణాలు రక్తనాళం దాటి రోగం ఉన్న చోటికి చేరలేవు. దూడకు విడవకుండా జబ్బులు, పుండ్లు. మందులు వాడినా ఎక్కువ దూడలు ఏడాది లోపే పోతాయి. అమెరికా శాస్త్రజ్ఞులు 1992లో ఈ తప్పును ప్రకటించారు. వాహక పశువుల వంశం వెతికితే 1952లో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్హో అనే పేరుమోసిన ఆబోతు దగ్గరకు చేరింది. దాని సంతతి వీర్యం దేశదేశాలకు పోయింది. మన దేశంలోనూ హోల్‌స్టీన్, సంకర పశువుల్లో వాహకాలు కనిపించాయి.

వాహకం అంటే ఒక ప్రతి మంచిది, ఒకటి తప్పుది. పశువు చూపుకు నిక్షేపంగా ఉంటుంది, పాలూ ఇస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకాలైతేనే, నాలుగింట ఒక దూడకు రెండూ తప్పు ప్రతులే రావచ్చు. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టి లాభం లేదు.

వీర్య కేంద్రాల్లో హోల్‌స్టీన్ ఆబోతులకు ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ ప్రమాణాల్లో ఉంది. ఊళ్ళో తిరిగే సంకర ఆబోతుకు ఎవరు చేశారు? ఖర్చు లేదని దానితోనే కట్టించడం, దానికి పుట్టిన పెయ్యనూ మళ్ళీ దానికే కట్టించడం మేము చాలా ఊళ్ళలో చూస్తున్నాము. ఇది మానాలి.

వీర్యం గొట్టం మీద ఆబోతు నంబరు అచ్చువేసి ఉంటుంది. సూది వేయించిన నాడే దానిని కార్డులో రాయించండి. రేపు పెయ్య ఎదకు వచ్చినప్పుడు ఆ కార్డు గోపాలమిత్రకు చూపితే, తండ్రి నంబరు తప్పించి వేరే గొట్టం తీస్తాడు.