చదువని కాగితముపై ఒప్పుకోలు వలదు
(మన సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఇటీవల మన పేటలోని ఒక తల్లి నా అంగడికి వచ్చి, సైన్యమునందున్న కుమారుడు పంపిన కాగితమును చేతికిచ్చెను. అది ఆంగ్లమున నున్న అభియోగపత్రము. సెలవు ముగిసినను అతడు దళమునకు చేరలేదని నేరము. "ఒప్పుకొనిన త్వరగా తేలునని తోడివారనుచున్నారట. ఏమి చేయమందువు, అన్నా?" అని ఆమె యడిగినది.

నేను చదివి చూచితిని. "తగిన కారణము లేకుండ" అను మాట అందున్నది. ఆ దినములలో ఆ తల్లి ఆసుపత్రిలో నుండెను! కారణమున్నది, కాగితములును ఉన్నవి. భాష తెలియక ఆ బిడ్డ తన రక్షణను తానే వదలుకొనబోయెను.

1950 నాటి సైనిక చట్టము నాలుగు విధములైన సైనిక న్యాయస్థానములను ఏర్పరచినది. జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసము అయిదుగురు, డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్‌లో కనీసము ముగ్గురు అధికారులు కూర్చుందురు. మూడవది సమ్మరీ జనరల్ కోర్టు మార్షల్. నాలుగవదగు సమ్మరీ కోర్టు మార్షల్‌లో దళాధిపతి యొక్కడే తీర్పరి. ఇంకను ఇద్దరు హాజరుందురుగాని తీర్పులో వారికి పాలు లేదు. దళాధిపతి లెఫ్టినెంట్ కర్నల్ గాని, అంతకు పైవాడు గాని యైనచో ఏడాది వరకు ఖైదు విధింపవచ్చును. కొలువు నుండియు తొలగింపవచ్చును.

క్రమశిక్షణ లేనిదే సైన్యము నిలువదు. దానిని నేను కాదనను. అయినను ఆ నియమములే జవానునకు రక్షణ నిచ్చినవి. యుద్ధసేవలో లేనివానికి అభియోగము తెలిపిన పిమ్మట విచారణకు ముందు 96 గంటల వ్యవధి యుండవలెను. కోరినచో తనకు తెలిసిన భాషలో అభియోగపత్రపు అనువాదము నీయవలెను. సలహాకు ఒకరిని తోడుంచుకొనవచ్చును. నేరమొప్పుకొనుటకు ముందు దాని ఫలితమును న్యాయస్థానము వివరింపవలెను.

సిపాయీల విచారణ ఈ నగరమునకు కొత్తగాదు. 1806లో కొత్త తలపాగాను నిరాకరించిన వేలూరు సిపాయీలను ఇచ్చటి సెయింటు జార్జి కోటకు పంపి శిక్షించిరి. జూలై 10న వేలూరు కోట భగ్గుమనెను. సిపాయి మొర వినకున్న ఏమగునో ఆ కోట చెప్పుచున్నది.

స్వతంత్ర భారతమునందును కోర్టు మార్షల్‌పై అప్పీలు లేని లోపమును 1982లో సుప్రీంకోర్టు ఎత్తిచూపినది. 2007లో చట్టమై, 2009లో సాయుధ దళముల ట్రిబ్యునల్ వెలసినది. దాని పీఠమొకటి మన చెన్నైయందే కలదు. సమ్మరీ కోర్టు మార్షల్ విధించినది కొలువు నుండి తొలగింపుగాని, మూడు నెలలకు మించిన ఖైదుగాని యైనచో అచ్చట మొరపెట్టుకొనవచ్చును.

సోదరులారా! చదువని పద్దుపై వర్తకుడు చేవ్రాలు చేయడు. జవానును అట్లే యుండవలెను. "అనువాదము కోరుము, ఆసుపత్రి కాగితములు పంపుచున్నాము, నిజము చెప్పుము" అని ఆ బిడ్డకు వ్రాసితిమి. ఇట్టి కాగితము వచ్చిన యింటికి, రెండు భాషలు తెలిసినవారు ఒక గంట కాలము నిండు. మన భాషకు అంతకు మించిన సేవ లేదు.