సెమినార్‌లో ఒక స్టూడెంట్ చెయ్యెత్తితే ఏమవుతుంది?

ఈ రోజు మాట్లాడేది యూనివర్సిటీల్లో జరిగే రీసెర్చ్ సెమినార్ల గురించి. అందులోనూ స్టాటిస్టిక్స్, కంప్యుటేషన్ సెమినార్లు. పేరు వినగానే స్కిప్ కొట్టకండి, ఒక్క ఐదు నిమిషాలు.

నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో వచ్చింది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంటే మన జిల్లాల పిల్లలకు యూనివర్సిటీ ఇంటి దగ్గరికి వచ్చి ఇంకా ఇరవై ఏళ్లు కూడా కావట్లేదు. అయినా మనలో చాలామందికి సెమినార్ అంటే అటెండెన్స్, సర్టిఫికెట్, చాయ్ బిస్కెట్. చివర్లో 'ఎనీ క్వశ్చన్స్?' అనగానే హాలంతా తల కిందికి దించుతది. అడిగితే నవ్వుతారేమో అని భయం.

ఇప్పుడు ఒక కథ చెప్తా, నిజంగా జరిగింది. సి.ఆర్.రావు గారు, పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. తెలుగువారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చదివి కలకత్తా వెళ్లారు. అక్కడ క్లాసులో పాఠం చెప్తున్నప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా లేవు. శాంపిల్స్ చాలా పెద్ద సంఖ్యలో ఉన్నప్పుడు ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫిషర్ ఫలితాన్ని వివరిస్తున్నారు. దాండేకర్ అనే స్టూడెంట్ లేచి, 'శాంపిల్స్ తక్కువే ఉంటే కూడా ఇలాంటిది చెప్పగలమా?' అని అడిగాడు. రావు గారు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని, మర్నాడు క్లాసులో నిరూపించి చూపించారు. 1945లో అది పేపర్‌గా అచ్చయింది. ఈ రోజు ప్రపంచమంతా దాన్ని క్రామెర్-రావు అని పిలుస్తది. స్వీడన్‌కి చెందిన క్రామెర్ కూడా విడిగా అదే ఫలితానికి వచ్చాడు కాబట్టి రెండు పేర్లు. అడిగిన ఆ దాండేకర్ తర్వాత దేశంలో పేరున్న ఎకనమిస్ట్ అయ్యాడు. ప్రశ్న అడిగినాయన పేరు ఫార్ములాలో లేదు, అది నాకు కొంచెం అన్యాయంగానే అనిపిస్తది.

సరే, ఇంతకీ ఆ ఫలితం ఏం చెప్తది? మన నల్లగొండ నీళ్లతోనే చూద్దాం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక బోరు నీళ్లు మూడుసార్లు టెస్ట్ చేశాం అనుకుందాం. 1.3, 1.7, 1.4 వచ్చాయి. యావరేజ్ తీస్తే దాదాపు 1.47. తాగొచ్చా, వద్దా? గీత కింద ఉంది కదా అని ఓకే అనేస్తే రేపు పిల్లల పళ్లు, ఎముకలు. కొలతలోనే అంత తేడా ఉన్నప్పుడు ఆ 1.47ని ఎంత నమ్మాలి?

రావు గారి ఫలితం ఇక్కడే పనికొస్తది. చేతిలో ఉన్న రీడింగుల నుంచి, ఒకవైపు మొగ్గు చూపని ఏ పద్ధతితో లెక్కేసినా, తప్పు ఒక హద్దు కంటే తగ్గదు. కొలతల్లో తేడాలు మామూలు గంట ఆకారంలో ఉంటే, మన స్కూల్ యావరేజే ఆ హద్దును అందుకుంటది. అంటే అవే మూడు నంబర్లకు ఎంత ఫ్యాన్సీ మోడల్ పెట్టినా అంతకంటే ఎక్కువ రాదు బాస్. ఇంకా రీడింగులు తీయాల్సిందే. తప్పును సగం చేయాలంటే రీడింగులు నాలుగు రెట్లు కావాలి. కోడింగ్ చేసేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలా రాత్రులు మిగుల్తాయి.

రావు గారికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో పోయారు. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ క్యాంపస్‌లో ఆయన పేరుతో లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పాలమూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు, అంతే.

ఈసారి ఎక్కడైనా సెమినార్‌కి వెళ్తే ముందురోజు రాత్రే దాని సారాంశం చదవండి, తెలియని పదం ఒక్కటి వెతకండి. మొత్తం అర్థం కాకపోయినా పర్లేదు, అక్కడ కూర్చున్న ప్రొఫెసర్లకు కూడా అన్నీ అర్థం కావు. అడగడానికి ఏం దొరక్కపోతే ఈ మూడింట్లో ఒకటి అడగండి: ఈ డేటా ఎక్కడిది? ఎన్ని శాంపిల్స్ తీశారు? శాంపిల్స్ తక్కువుంటే ఇది పనిచేస్తదా? మూడోది దాండేకర్ ప్రశ్నే. ఇంగ్లిష్ రాకపోతే తెలుగులోనే అడగండి. బయటి కాలేజీ వాళ్లయితే మాత్రం రానిస్తారో లేదో డిపార్ట్‌మెంట్‌కి ముందే ఒక మెయిల్ పెట్టి కనుక్కోండి.